పిల్లాడి చేతిలో మాంగా లాక్కున్న పెద్దాయనకు, మోరిస్‌విల్ నుంచి మేము

పోస్టు పొడుగ్గా ఉంటుంది. షిఫ్టు మధ్యలోనో, పిల్లలు పడుకున్నాకో, ఎప్పుడు కుదిరితే అప్పుడు చదవండి. సగం చదివి కామెంట్ పెట్టకండి, అంతే మా మనవి.

మేము అంటే ఎవరో ముందు చెప్పేస్తాం. నార్త్ కరోలినా మోరిస్‌విల్‌లో ఒకే అపార్ట్‌మెంట్ కాంప్లెక్సులో ఉంటున్న ఆరు కుటుంబాలూ, ఇద్దరు బ్యాచిలర్లూ. మాలో కరీంనగరోళ్లున్నారు, నరసరావుపేట వాళ్లున్నారు, ఒక అనంతపురం ఇల్లుంది. ఎక్కువమందిమి ఆర్టీపీలో కాంట్రాక్టు మీద కోడు రాస్తాం. ఒకరు ఇండియన్ స్టోర్‌లో బిల్లింగ్, ఒకరు రెస్టారెంట్ వంటింట్లో. రాత్రి ఆర్డీయూలో దిగే విమానాలు మా బాల్కనీల మీంచే పోతాయి. ఆ చప్పుడు వినబడ్డప్పుడల్లా ఊరికెళ్లి ఎన్నేళ్లయిందో లెక్కేసుకునే రకం మనుషులం. అంతకుమించి గొప్పలేం లేవు.

సంగతేంటంటే, పోయిన నెల క్లబ్‌హౌస్‌లో పాట్‌లక్ పెట్టుకున్నాం. మాలో ఒకరి అబ్బాయి, పన్నెండేళ్లవాడు, మూల సోఫాలో కూర్చుని ఒక మాంగా చదువుకుంటున్నాడు. ఇక్కడి కమిటీ పెద్దాయన ఒకరు (పేరెందుకు, వయసులో పెద్దవారు) వాడి దగ్గరికెళ్లి, పుస్తకం చేతిలోంచి లాగి, అట్ట మీద ఎలుగుబంటి మొహం చూసి, “ఈ దయ్యాల బొమ్మలేంట్రా, మీ అమ్మానాన్నా ఇవేనా నేర్పేది?” అన్నారు. వాడు నోరు మెదపలేదు. వాళ్లమ్మ గారెల పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అదే రోజు రాత్రి అదే క్లబ్‌హౌస్‌లో తెర కట్టి అందరికీ ఒక తెలుగు సినిమా వేశారు. ఇంటర్వెల్ లోపు ఎన్ని తలకాయలు ఎగిరాయో మేం లెక్కపెట్టడం మానేశాం. ఆ తలకాయలు చూడ్డానికి ఐదేళ్ల పిల్లలు ముందు వరసలో కూర్చున్నారు. ఎవరూ ఎవరి కళ్లూ మూయలేదు.

మర్నాడు వాట్సాప్‌లో మెసేజ్. శనివారం తెలుగు క్లాసుకు మాంగాలు, కామిక్సులు తేవద్దు, ఇంట్లో కూడా అలవాటు చేయొద్దు, పిల్లలు భాషకూ సంస్కృతికీ దూరమవుతారు అని. ఇరవైమంది దండం బొమ్మ పెట్టారు. మాలో కూడా ఇద్దరు పెట్టారు, దాచడం దేనికి. పెద్దాయన అన్నాక దండం పెట్టడం మనకు చేతి అలవాటు. ఈ పోస్టు ఆ దండాన్ని వెనక్కి తీసుకుంటూ రాస్తున్నది.

ఆ పుస్తకం ఏంటో ఆ పెద్దాయన ఒక్క పేజీ తిప్పి చూసుంటే ఇంత రాసే పని మాకుండేది కాదు. అది ‘ది బాయ్ అండ్ ది బీస్ట్’. జపాన్‌లో 2015లో మమోరు హొసోడా తీసిన బొమ్మల సినిమా. ఆ సినిమాని రెంజి అసాయ్ అనే ఆయన 4 భాగాల మాంగాగా గీశాడు, ఇంగ్లీషులో యెన్ ప్రెస్ వేసింది. తల్లి చనిపోయిన తొమ్మిదేళ్ల పిల్లాడు ఇల్లొదిలి టోక్యో షిబుయా వీధుల్లో తిరుగుతూ మృగాలు మనుషుల్లా బతికే ఇంకో లోకంలోకి పోతాడు. అక్కడ కుమతెత్సు అని ఒక మొరటు ఎలుగుబంటి గురువు దగ్గర పెరుగుతాడు. కత్తి తిప్పడం నేర్చుకుంటాడు, బలం వస్తుంది, పేరొస్తుంది. పదిహేడేళ్లప్పుడు మళ్లీ మనుషుల లోకంలో అడుగుపెట్టి లైబ్రరీలో ఒక పుస్తకం తెరుస్తాడు. చదవలేడు. తన భాషే, తను పుట్టిన ఊరే, కానీ అక్షరాలు రావు. పక్కనున్న అమ్మాయిని ఒక అక్షరం చూపించి ఇదేంటని అడుగుతాడు. ‘తిమింగలం’ అని ఆ అమ్మాయి చెబుతుంది. ఆ పుస్తకం మోబీ డిక్.

ఇప్పుడు చెప్పండి అన్నా. వేరే లోకంలో పెరిగి, అక్కడి విద్యలన్నీ వచ్చి, సొంత భాషలో ఒక్క అక్షరం గుర్తుపట్టలేని పిల్లాడి కథ. మోరిస్‌విల్‌లో ఉన్న మన పిల్లలకు ఇంతకంటే దగ్గరి కథ ఏ తెలుగు సినిమాలో ఉంది? దయ్యాల బొమ్మలట.

ఆ పుస్తకం చదువుతున్న వారంలోనే వాడు ఫ్రిజ్ మీద అంటించిన పెళ్లికార్డు దగ్గర నిలబడి, “నాన్నా, ఈ కింద వేలాడేది ఏంటి?” అని అడిగాడు. శ్రీరస్తు శుభమస్తులో స్తు. సకారం కింద తకారం ఒత్తు. మూడేళ్లు శనివారం క్లాసుకు పోయినవాడు, తనంతట తాను ఒక అక్షరం గురించి అడగడం అదే మొదటిసారని వాళ్ల నాన్న చెప్పాడు. మాంగా వల్లే అడిగాడని ప్రమాణం చేసి చెప్పలేం. కానీ అడిగింది మాత్రం ఆ వారమే.

తెలుగు రాకపోతే ఏమైందిలే, వాడేమన్నా ఊరెళ్లి ఉండబోతాడా అనేవాళ్లు మాలోనూ ఉన్నారు. ఉండేవాళ్లు అనాలి. ఎందుకంటే పోయినేడు మా పై ఫ్లోర్ కుటుంబం వెళ్లిపోయింది. ఆయన ప్రాజెక్టు అయిపోయింది, హెచ్-1బి మీద ఉద్యోగం పోతే ఇచ్చే 60 రోజులు అయిపోయాయి, సోఫా సగం ధరకి అమ్మి, కారు తమ్ముడికి అప్పజెప్పి హైదరాబాదు ఫ్లైటెక్కారు. వాళ్ల పాప ఐదో తరగతి. తెలంగాణలో 2018లో చట్టం చేశారు, సీబీఎస్ఈ అయినా ఐసీఎస్ఈ అయినా బడిలో తెలుగు నేర్పాల్సిందేనని. పాప ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడేది. బడిలో బోర్డు మీద టీచర్ రాసింది చదవలేక మొదటి నెలంతా తలనొప్పి అని చెప్పి ఇంట్లో ఉండిపోయిందట. వీడియో కాల్‌లో మాతో ఇంగ్లీషులో మాట్లాడింది, మొట్టమొదటిసారి.

మన పిల్లల్లో హెచ్-4 మీద ఉన్నవాళ్లకి 21 నిండితే ఆ వీసా ఉండదు. గ్రీన్‌కార్డు లైనులో మనం ఎక్కడున్నామో మనకు తెలుసు. తిరిగెళ్లడం అనేది మన ఇళ్లల్లో ఎప్పుడూ సోఫా వెనకాల నిలబడే ఉంటుంది. కాబట్టి తెలుగు చదవడం రావాలా వద్దా అన్నది సంక్రాంతి రోజు పంచె కట్టుకోవడం లాంటి ముచ్చట కాదు. ఇంట్లో మంట ఆర్పే సిలిండర్ పెట్టుకుంటాం చూడండి, అలాంటిది.

మరి ఎలా వస్తుంది? అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు. పన్నెండేళ్ల పిల్లాడు, బడిలో ఫ్రాక్షన్లూ ఈక్వేషన్లూ చేసి వచ్చినవాడు, శనివారం పొద్దున ఆవు బొమ్మ కింద ఆవు అని రాయాలి. వాడికి అవమానంగా ఉండదా? టీచర్లని మేం ఒక్క మాట అనం. జీతం లేకుండా, సొంత పెట్రోలు పోసుకుని వచ్చి చెబుతున్నారు. లోటు వాళ్లది కాదు, పుస్తకాలది. వాడి వయసుకి తగ్గ కథ, వాడికి వచ్చిన అక్షరాల్లో, ఎక్కడా లేదు.

జపాన్ వాళ్లు ఈ ముడి ఎలా విప్పారో చూడండి. వాళ్ల లిపి మనదానికంటే చాలా కష్టం. పిల్లలు కాంజీ అక్షరాలు వేలల్లో నేర్చుకోవాలి. పిల్లలు చదివే మాంగాల్లో ప్రతి కష్టమైన అక్షరం పక్కన చిన్నగా, పలకాల్సిన తీరు తేలిక లిపిలో వేస్తారు. దాన్ని ఫురిగానా అంటారు. కథ ఆగిపోతే పిల్లాడు పుస్తకం పక్కన పడేస్తాడని వాళ్లకు తెలుసు. అందుకని కథని ఆగనివ్వరు. దానికితోడు సినిమా ముందే చూసుంటే ఇంకా తేలిక. తర్వాత ఏమవుతుందో తెలుసు, ఎవరు ఏం అంటారో సగం గుర్తుంది, బొమ్మ చెబుతోంది, ఇక అక్షరం గుర్తుపట్టడం ఒక్కటే మిగిలింది. తెలిసిన కథలో తెలియని అక్షరం. మన అమ్మమ్మలు కూడా ఇలాగే చదవడం నేర్చుకున్నారు, భాగవతం కథ ముందే చెవుల్లో ఉండబట్టి.

మాంగా అన్నామని మాలో ఒకరి అమ్మగారు ఫోన్లో, “మంగ ఎవర్రా, ఎప్పుడూ దాని గురించే మాట్లాడుతున్నారు?” అని అడిగారు. బొమ్మల కథ అమ్మా, జపాన్‌ది అంటే, “ఓస్, చందమామే కదా” అన్నారు. ఆ ఒక్క మాటలో ఆవిడ తేల్చేసింది మా కమిటీకి మూడు మీటింగులైనా తేలలేదు.

ఇక ఇటువైపు తమ్ముళ్లతో కూడా ఒక పంచాయితీ ఉంది. మాలోని బ్యాచిలర్లిద్దరూ, వాళ్ల ఓపీటీ స్నేహితులూ మాంగా భక్తులు. వాళ్లకి పెద్దాయన మాట కంటే మేం పిల్లలకిచ్చే పుస్తకాలే ఎక్కువ చిరాకు. “సినిమా నుంచి గీసిన మాంగా మాంగానా అన్నా? సినిమా ఆడుతున్నప్పుడు నాలుగు డబ్బుల కోసం వేస్తారు. అసలు మాంగా ముందొచ్చి, తర్వాత సినిమా రావాలి” అంటారు. బ్రదర్, మీరు చెప్పేది సగం నిజమే. ‘యువర్ నేమ్’ సినిమా 2016 ఆగస్టులో వచ్చింది. దర్శకుడు షింకాయ్ అంతకుముందే దాన్ని నవలగా రాసి వదిలాడు, అదే ఏడాది రన్‌మారు కొతోనె గీసిన మాంగా మొదలై 3 భాగాలైంది. సినిమా, నవల, మాంగా అన్నీ ఒకే సంతలో. వ్యాపారమే. కాదనం. మన దగ్గర సినిమాతో పాటు ఏం వస్తుంది? టీ షర్టు, బర్గర్ షాపులో ప్లాస్టిక్ బొమ్మ. వాళ్ల వ్యాపారంలో పిల్లాడి చేతికి ఒక పుస్తకం మిగులుతోంది. తేడా అక్కడుంది.

మాంగా ముందా సినిమా ముందా అన్న పట్టింపు ఎంత గమ్మత్తయినదో చెప్పాలంటే మియజాకి ‘నౌసికా’ దగ్గరికి పోవాలి. సొంత కథతో సినిమా తీస్తానంటే, మాంగాగా రాని కథకి డబ్బు పెట్టం అన్నారు పైవాళ్లు. సరే అని ఆయన 1982లో యానిమేజ్ పత్రికలో మాంగా మొదలుపెట్టాడు. 1984లో సినిమా వచ్చేసింది. మాంగా మాత్రం ఆగుతూ సాగుతూ 1994 దాకా నడిచి 7 భాగాలైంది. సినిమా ముగిసిన చోట మాంగా కథ ముగియదు, అక్కణ్నుంచి ఎక్కడికో పోతుంది. ఇందులో ఏది అసలు, ఏది నకలు? సినిమా తీయడం కోసమే పుట్టిన మాంగా సినిమాని దాటి పదేళ్లు బతికింది.

అలాగే ఘిబ్లీ సినిమాల ఫిల్మ్ కామిక్సులు ఉంటాయి. వాటిని ఎవరూ కొత్తగా గీయరు, సినిమాలోని ఫ్రేములే కత్తిరించి గళ్లల్లో పేర్చి మాటల బుడగలు పెడతారు. ‘స్పిరిటెడ్ అవే’ అలా 5 పుస్తకాలు. వీటిని మా తమ్ముళ్లు అస్సలు లెక్కచేయరు. మా అనుభవం వేరు. ఏడెనిమిదేళ్ల పిల్లలకు ఇవే ముందు పనికొచ్చాయి, ఎందుకంటే రంగు, మొహం, వరస అన్నీ చూసిన సినిమావే. అయితే ఒప్పుకోవాల్సింది ఒకటుంది. కదిలే బొమ్మని ఆపి అతికిస్తే కొన్ని పేజీలు చచ్చుగా ఉంటాయి. పరుగు పరుగులా ఉండదు. చేత్తో మళ్లీ గీసినవాడు ఆ పరుగుకి గీతలు వేస్తాడు, గళ్లని వంకరగా కోస్తాడు, ఒక్క కన్నుకి పేజీ అంతా ఇస్తాడు. సినిమాలో రెండు సెకన్లలో పోయే మౌనం మాంగాలో మనం ఎంతసేపు ఆగితే అంతసేపు ఉంటుంది. పాట పోతుంది, రంగు పోతుంది. కానీ వేగం చదివేవాడి చేతికొస్తుంది. చదవడం నిదానంగా వచ్చే పిల్లాడికి కావాల్సింది సరిగ్గా అదే కదా. సబ్‌టైటిల్ వాడి కోసం ఆగదు. బుడగ ఆగుతుంది.

ఆర్ఆర్ఆర్ జపాన్‌లో ఆడినప్పుడు ఒక జపాన్ తల్లి గురించి వార్త వచ్చింది, చాలామంది చూసే ఉంటారు. తన చిన్న కొడుకు సబ్‌టైటిళ్ల వేగం అందుకోలేకపోతున్నాడని, సినిమా కథ మొత్తం తనే కూర్చుని బొమ్మల పుస్తకంగా గీసింది. మన సినిమా, మన రాజమౌళి, మన భీమ్, మన రామ్. గీసింది జపాన్ తల్లి. మనం ఆ వీడియోని ఫార్వర్డ్ చేసి గర్వపడ్డాం. గర్వం సరే. సబ్‌టైటిళ్లు చదివే పిల్లలు మన ఇంట్లోనూ ఉన్నారు కదా, తెలుగు సినిమాకి ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు చదివే తెలుగు పిల్లలు. వాళ్లకి ఎవరు గీశారు?

సంస్కృతి అన్నారు కాబట్టి ఆ ముచ్చట కూడా మాట్లాడదాం. చేర్యాల పటం పేరు విన్నారా? ఎర్రటి నేల మీద, గుడ్డ మీద, గళ్లు గళ్లుగా కథ గీస్తారు నకాషీలు. ఆ చుట్టని ఊరి నడుమ విప్పుకుంటూ, ఒక్కో గడీ మీద కర్ర పెట్టి చూపిస్తూ కథ చెబుతారు. కూనపులి వాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం ఇలాగే చెప్పేవాళ్లు. మాలో ఒకరి తాత ఆ కథ రాత్రంతా కూర్చుని విన్నాడు. గళ్లల్లో బొమ్మలు, వరసగా కథ. దీన్ని జపాన్ వాడి మురికి అంటారా? ఆ మాటకొస్తే మన సిద్ధార్థుడి కథని ఒసాము తెజుకా ‘బుద్ధ’ అని 1972 నుంచి పదేళ్లకు పైగా గీశాడు. తర్వాత 2011లో అది బొమ్మల సినిమా కూడా అయింది. రామాయణాన్ని బొమ్మల సినిమాగా తీయాలని పట్టుబట్టింది యుగో సాకో అనే జపాన్ ఆయన, మన రామ్ మోహన్‌ని కలుపుకుని. 2025 జనవరిలో దాన్ని ఇండియా థియేటర్లలో మళ్లీ వేస్తే తెలుగులో కూడా వచ్చింది. ఇంకో తమాషా, ఆ సినిమా అమెరికా ఇంగ్లీషు వెర్షన్‌లో రాముడికి గొంతిచ్చింది బ్రయాన్ క్రాన్‌స్టన్, అదే బ్రేకింగ్ బ్యాడ్ ఆయన.

సినిమాని కాగితం మీదికి దించడం మనకి కొత్త కూడా కాదు. థియేటర్ బయట పాటల పుస్తకం అమ్మేవాడు గుర్తున్నాడా? పాటలు, ముందు పేజీలో కథ కొంచెం, చివర ‘శేషం వెండితెరపై’. వెండితెర నవలలని ఉండేవి, ముళ్లపూడి వెంకటరమణ అంతటివాడు రాశాడు. రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం వచ్చేది, సినిమా చూడనివాళ్లు కూడా మాయాబజార్ మాటలు అప్పజెప్పేవాళ్లు. సినిమాని చెవికిచ్చారు, కాగితానికిచ్చారు. టీవీ, వీడియో వచ్చాక చూస్తే చాల్లే అని మిగతావన్నీ వదిలేశాం. జపాన్ వాళ్లకీ టీవీ ఉంది, వాళ్లు వదల్లేదు.

బొమ్మలేసేవాళ్లు లేకనా? చందమామలో చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు, తోకచుక్క, జ్వాలాద్వీపం, రాకాసిలోయ... మా నాన్నల తరం వాళ్లని అడగండి, ఆ పేర్లు చెబితే మొహాలు వెలుగుతాయి. ఇవి ఫాంటసీ అడ్వెంచర్ కాక మరేంటి? కృష్ణశాస్త్రి గారబ్బాయి బుజ్జాయి ‘డుంబు’ గీశాడు. బొమ్మల సినిమా కూడా మనకుంది. ‘కిట్టు’ 2006 సంవత్సరానికి జాతీయ ఉత్తమ యానిమేషన్ చిత్రం. మాయాబజార్‌కి సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు 2008లో ‘ఘటోత్కచ్’ని బొమ్మల సినిమాగా తీశాడు. ఛోటా భీమ్ పుట్టింది హైదరాబాదు స్టూడియోలో. గీసే చేతులు హైదరాబాదులో వందలున్నాయి, పగలూ రాత్రీ బయటి దేశాల సినిమాలకి పనిచేస్తున్నాయి. మనలాగే. కాంట్రాక్టు మీద, ఎవరి కథకో. వాళ్లని ఔట్‌సోర్సింగ్ అంటారు, మనల్ని ఆన్‌సైట్ అంటారు, అంతే తేడా.

2025 జులైలో ‘మహావతార్ నరసింహ’ వచ్చింది. పిల్లల్ని తీసుకుని కార్లు మాట్లాడుకుని వెళ్లాం. మా పిల్లలు ఒక తెలుగు డబ్బింగు బొమ్మల సినిమాకి నోరు తెరుచుకుని కూర్చోవడం అప్పుడే చూశాం. బయటికొచ్చాక ఆరేళ్లది హిరణ్యకశిపుడిలా నడవడం మొదలుపెట్టింది. ఆ రాత్రి ఆ పిల్ల చేతిలో తెలుగు అక్షరాల ప్రహ్లాదుడి బొమ్మకథ ఒకటి పెట్టగలిగి ఉంటే! తీసినవాళ్లకీ, పంచినవాళ్లకీ మా మాట ఒకటే. టికెట్ కౌంటర్ పక్కన పాప్‌కార్న్ బకెట్ పెట్టినప్పుడు ఒక పుస్తకం కూడా పెట్టండి. పెద్ద అక్షరాలు, పొట్టి వాక్యాలు, తెలుగులో. మేం కొంటాం. పాప్‌కార్న్ కంటే ఎక్కువిచ్చి కొంటాం.

కమిటీకి కూడా చెబుతాం, చెప్పక తప్పదు. పోయిన ఉగాదికి సినిమా వాళ్లని పిలిచి నైట్ చేశారు. టికెట్ వేరే, ఫోటో దిగడం వేరే. మాలో ఇద్దరు ఫోటో కూడా దిగారు, కాబట్టి మేమూ పత్తిత్తులం కాదు. ఆ ఖర్చులో ఒక ముక్క పెడితే హైదరాబాదులో ఒక ఆర్టిస్టుకి మూడు నెలల జీతం అయ్యేది, మన పిల్లలకి ఒక పుస్తకం అయ్యేది. ఈ మాట మీటింగులో అంటే, “పిల్లలకి ముందు సంస్కారం నేర్పండి, తర్వాత బొమ్మలు” అన్నారు. పుస్తకం లాక్కోవడం ఏ సంస్కారమో అడిగితే మైకు పాడైంది. నిజంగానే పాడైంది, మేం వెటకారం చెయ్యట్లేదు.

ఒక మాట పెద్దాయన తరఫున. అన్ని మాంగాలూ పిల్లలవి కావు. మనం చూడలేనివి కూడా ఉన్నాయి. అందుకే అట్ట వెనక వయసు వేస్తారు, లైబ్రరీలో పిల్లలవీ పెద్దపిల్లలవీ వేరే అరల్లో పెడతారు. అమ్మానాన్నా ఒకసారి తిరగేయాలి. తిరగేయడం అంటే లాక్కోవడం కాదు, పక్కన కూర్చోవడం. అది మనం చెయ్యట్లేదు, పన్నెండు గంటల పని తర్వాత ఓపిక లేక. అది మా తప్పే, రాసుకోండి.

మేం ఏం చేశామంటే, మూడు శనివారాలుగా క్లాసు అయ్యాక మా ఇళ్లల్లో ఒకరి డైనింగ్ టేబుల్ మీద పిల్లలతో ప్రహ్లాదుడి కథ గీయిస్తున్నాం. సినిమా ఫ్రేములు ఎత్తి వేయట్లేదు, అవి వాళ్ల సొత్తు. కథ మాత్రం ఎవరి సొత్తూ కాదు, పోతన గారిని అడిగినా అదే అంటారు. సినిమాలో చూసింది గుర్తు తెచ్చుకుని పిల్లలే సొంతంగా గీస్తున్నారు. ఇందులో దిగాకే కష్టం తెలిసింది. జపాన్ వాళ్లు పైనుంచి కిందికి రాస్తారు కాబట్టి వాళ్ల బుడగలు నిలువుగా, సన్నగా ఉంటాయి. అందులో ఇంగ్లీషు పట్టడమే కష్టం, ఇక తెలుగా? ‘ప్రయత్నిస్తున్నాను’ అన్న ఒక్క మాట బుడగ చీల్చుకుని బయటికొస్తుంది. కింది ఒత్తు పోయి కింది లైను గుడిని గుద్దుతుంది. అందుకని అడ్డంగా వెడల్పుగా బుడగలు గీయించాం, లైనుకీ లైనుకీ మధ్య జాగా ఎక్కువ వదిలించాం. కుడి నుంచి ఎడమకి వద్దు, మన ఎడమ నుంచి కుడికే పెట్టాం. దీనికి మాంగా భక్తులు ఒక రోజంతా అలిగారు.

అన్నిటికంటే బాగా వచ్చినవి చప్పుళ్లు. జపాన్ మాంగాలో ప్రతిదానికీ ఒక చప్పుడు మాట ఉంటుంది, ఆఖరికి నిశ్శబ్దానికి కూడా ఉంది, ‘షీన్’ అని రాస్తారు. ఇంగ్లీషులో వేస్తే ఆ ఘుమఘుమ పోతుంది. తెలుగులో మాత్రం పోదు. మనకి చప్పుళ్లకి కరువా? స్తంభం పగిలితే ఫెళఫెళ, గద తిప్పితే గిరగిర, పాము బుసబుస, కళ్లు చిటపట, వెన్నెల కూడా తళతళమంటుంది, వెలుగుకి చప్పుడేంటో మరి. పిల్లలు ఒక సాయంత్రమంతా అమ్మమ్మలకీ నానమ్మలకీ ఫోన్లు చేసి చప్పుళ్లు అడిగారు. ఎప్పుడూ “తిన్నావా, పడుకున్నావా”తో అయిపోయే ఫోన్లు గంట నడిచాయి. అనంతపురం అవ్వ చెప్పిన చప్పుళ్లు గుంటూరు అమ్మమ్మకి తెలియవు. రెండూ రాసుకున్నారు. నిశ్శబ్దానికి ఏం రాయాలో మాత్రం తేల్లేదు. ఒకడు ‘కిమ్’ అని రాశాడు, కిమ్మనకుండా ఉన్నారు కాబట్టి కిమ్ అట. ఉంచేశాం.

పుస్తకం పోగొట్టుకున్న అబ్బాయి (దాన్ని పెద్దాయన దగ్గర్నుంచి వాళ్లమ్మ అడిగి తెచ్చి లైబ్రరీకి తిరిగిచ్చేసింది, లేట్ అయితే మాట పడాలని) ఇప్పుడు మా అక్షరాల పని చూస్తున్నాడు. వాడి చేతిరాతే అందరికంటే గుండ్రంగా ఉంది. ‘ప్రహ్లాదుడు’లో హకారం కింద లకారం ఒత్తు మూడుసార్లు తప్పు రాశాడు, నాలుగోసారి సరిగ్గా రాసి, తనే చెల్లికి చూపించి ఇదే ‘కింద వేలాడేది’ అని చెబుతున్నాడు.

పన్నెండు పేజీలైంది. స్తంభం ఇంకా పగల్లేదు, అది వచ్చే శనివారం. మోరిస్‌విల్, కేరీ, అపెక్స్ వైపు ఉన్నవాళ్లు పిల్లల్ని తీసుకురండి. నల్ల పెన్నులు తక్కువున్నాయి, ఉంటే తెచ్చుకోండి. ఉప్మా, టీ మేం పెడతాం. పెద్దాయన్ని కూడా పిలిచాం, నరసింహుడి గోళ్లు గీయడం ఎవరికీ రావట్లేదు, ఆయన చిన్నప్పుడు ఊళ్లో సైన్‌బోర్డులు రాసేవారని ఎవరో చెప్పారు.